ఆగిన బండి వేరు, నిలిపిన బండి వేరు



పోయిన నెల సమావేశంలో అమెరికా ప్రయాణాల సంగతి వచ్చింది. ఈ ఏడాది మన సంఘం నుంచి పిల్లల దగ్గరికి వెళ్తున్న దంపతులు చాలామందే ఉన్నారు. వీసా, బీమా, మందుల చీటీలు, ఊరగాయ సీసాలు కారకుండా ఎలా కట్టాలి అన్నవన్నీ గంటన్నర మాట్లాడుకున్నాం. అక్కడ పిల్లలు మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్‌కో, గ్రాండ్ క్యాన్యన్‌కో తీసుకెళ్తారన్న మాట రాగానే మాత్రం "అదంతా పిల్లలు చూసుకుంటారులే" అని దాటేశాం. అలా దాటేయకూడదని మా అభిప్రాయం. అందుకే ఇంత పొడుగు రాత. ఓపిగ్గా చదవమని మనవి.

తెలియనివారికి రెండు మాటల్లో చెప్తాం. మోటార్‌హోమ్ అంటే బండీ ఇల్లూ ఒకటే. ముందు డ్రైవర్ సీటు, వెనక పడకలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, అన్నీ ఒకే బండి మీద. పగలంతా దాన్ని నడుపుకుంటూ వెళ్లి, సాయంత్రానికి ముందే బుక్ చేసుకున్న క్యాంపు స్థలంలో నిలుపుతారు. రాత్రి అందులోనే వంట, అందులోనే నిద్ర. మనవళ్లకి అది పండగ. మనకీ సంతోషమే. చిక్కంతా క్యాంపు చేరిన తర్వాతి మొదటి అరగంటలో ఉంది.

ఆ అరగంటలో జరగాల్సిన పని ఒకటే. బండిని మట్టం చెయ్యాలి. అంటే నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండేలా సరిచేసి, కదలకుండా కట్టెలు పెట్టి నిలపాలి. ఆ తర్వాతే కాఫీ, ఆ తర్వాతే పిల్లల పాలు. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. బండి ఆగీ ఆగకముందే తలుపు తీసి దిగడం, పొయ్యి వెలిగించడం, మట్టం సంగతి "రేపు పొద్దున చూద్దాం" అనడం.

మన సంఘంలో సగం మంది రైల్వే వాళ్లమే. ఆగిన బండికీ నిలిపిన బండికీ తేడా మనకి ఒకరు చెప్పాలా? ప్లాట్‌ఫారం మీద ఆగిన బండి డ్రైవర్ చేతిలో ఉంటుంది. యార్డులో స్టేబుల్ చేసిన పెట్టెలకి ఆ దిక్కు లేదు. అందుకే వాటికి హ్యాండ్ బ్రేకు, చక్రాల కింద చెక్క ఆపులు, గొలుసు, తాళం. మన యార్డుల్లో పట్టాల వాలు 400కి 1 కంటే మించకూడదని నియమం. వీలైతే 1200కి 1 లోపే ఉండాలంటారు. 400 అడుగుల దూరానికి ఒక్క అడుగు పల్లం అంటే కంటికి ఆనదు. నిలబడి చూస్తే బల్లపరుపుగానే ఉంటుంది. అయినా ఆ కాస్త వాలుకే ఖాళీ వ్యాగన్లు దొర్లిపోతాయని అంత కట్టుదిట్టం. ఇప్పుడు క్యాంపు స్థలం చూడండి. అక్కడ 3 డిగ్రీల వాలు మామూలు సంగతి. లెక్క కడితే అది 19 అడుగులకి 1 అడుగు. మన యార్డు హద్దు కంటే 20 రెట్లు ఎక్కువ. "చదునుగానే ఉంది కదా" అని కన్ను చెప్పే మాట నమ్మడానికి లేదు.

కన్ను నమ్మడానికి లేదు కాబట్టే మేస్త్రీ చేతిలో రసమట్టం ఉంటుంది. మన ఊళ్లో కొత్తనార్లు ఆ మాటే వాడతారు. స్పిరిట్ లెవెల్ అన్నా అదే. గాజు గొట్టంలో బుడగ నడుమకి వస్తే మట్టం, పక్కకి పోతే ఆ పక్క ఎత్తు. మోటార్‌హోమ్‌కి కావలసిన పనిముట్లు అన్నీ కలిపి మూడే: ఒక రసమట్టం, కొన్ని దిమ్మెలు, చక్రాల కింద పెట్టే ఆపు కట్టెలు. దిమ్మెలు అక్కడ పసుపు, నారింజ రంగు ప్లాస్టిక్‌లో దొరుకుతాయి, పిల్లల ఆట ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి అతుక్కుంటాయి. అద్దె బండ్లలో చాలావాటికి జాకీలు ఉండవు. దిమ్మెలు బండితో ఇస్తారో లేదో బండి తీసుకునేటప్పుడే అడగాలి. ఇవ్వకపోతే ఆ ఊళ్లోనే కొనుక్కోవాలి. కొండ మీద రాత్రి 9 గంటలకి వెతికితే దొరకవు.

సరే, కాస్త వాలితే ఏమవుతుంది? ఒక రాత్రే కదా అని అడిగినవారు మన సమావేశంలోనే ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. ఏమవుతుందో ఒక్కొక్కటిగా చెప్తాం.

మొదటిది ఫ్రిజ్. మన ఇళ్లలో ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉంటుంది. చాలా మోటార్‌హోమ్‌లలో ఉండేది వేరే రకం. స్వీడన్‌లో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో కనిపెట్టిన పద్ధతి అది. దాంట్లో మోటారు లేదు, పంపు లేదు. గ్యాసు మంటతోనో కరెంటుతోనో అడుగున వేడి పెడితే అమోనియా ఆవిరై పైకెక్కుతుంది, చల్లబడి ద్రవమవుతుంది, లోపలి వేడిని పీల్చుకుని మళ్లీ ఆవిరై, నీళ్లలో కలిసి కిందికి జారుతుంది. ఆ జారడం అంతా భూమి ఆకర్షణ వల్లే. బండి వాలితే ద్రవం గొట్టాల్లో ఒక మూల నిలిచిపోతుంది. అడుగున మంట మాత్రం ఆగదు. అడుగు ఎండి మాడుతుంది, లోపలి రసాయనం గడ్డకట్టి దారి మూసుకుంటుంది. ఆ తర్వాత దానికి మరమ్మతు లేదు, ఆ భాగం మొత్తం మార్చాల్సిందే. సాధారణంగా ఈ ఫ్రిజ్‌లకి పక్కవాటున 3 డిగ్రీలు, ముందూవెనకా 6 డిగ్రీలు హద్దు అంటారు. అద్దె బండి అయితే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ఒప్పంద కాగితంలో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

"మరి ఘాట్ రోడ్డు మీద బండి వాలినప్పుడు ఏమీ కాదేం?" అని అడగొచ్చు. కదులుతున్నంతసేపూ కుదుపులకి ద్రవం అటూ ఇటూ కదులుతుంది, ఒక చోట నిలవదు. ఇదీ మనకి తెలిసిన సంగతే. వంపుల్లో బయటి పట్టాని లోపలి పట్టా కంటే ఎత్తు పెడతారు. బ్రాడ్‌గేజ్ ప్రధాన మార్గాల్లో ఆ ఎత్తు 165 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు, అంటే 5 డిగ్రీల పైచిలుకు. బండి వేగంగా పోతున్నప్పుడు లోపల కూర్చున్నవాళ్లకి ఆ వాలు తెలియదు. అదే బండి సిగ్నల్ లేక వంపులో ఆగితే, టీ గ్లాసు జరుగుతుంది, పై బెర్తు మీద పడుకున్నవాడు గోడకి ఒత్తుకుంటాడు. పోయేటప్పుడు సరిపోయిన వాలు ఆగినప్పుడు సరిపోదు.

ఫ్రిజ్ పాడైతే కూరగాయలు పోతాయి, పోనివ్వండి. మనలో ఎంతమంది ఇన్సులిన్ మీద ఉన్నారో సంఘం వైద్య శిబిరానికి వచ్చినవారందరికీ తెలుసు. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. నెలకి సరిపడా తీసుకెళ్లిన మందు అంతా ఆ ఫ్రిజ్‌లోనే ఉంటుంది. దగ్గరి మందుల షాపు 60 మైళ్ల దూరంలో ఉన్నప్పుడు, ఊరుకాని ఊళ్లో, చీటీ చెల్లని దేశంలో ఏం చేస్తాం?

రెండోది మన ఒళ్లు. ఆరడుగుల పడక 3 డిగ్రీలు వాలితే తలకీ కాళ్లకీ దాదాపు 10 సెంటీమీటర్ల తేడా వస్తుంది. తల పల్లానికి పడితే పొద్దునకి తల దిమ్ము. పక్కకి వాలితే రాత్రంతా పక్కమీద నుంచి జారుతూనే ఉంటాం. కుర్రాళ్లు ఓర్చుకుంటారు. తల తిరుగుడు ఉన్నవారు, మోకాళ్లు మార్పించుకున్నవారు రాత్రి రెండుసార్లు బాత్రూంకి లేస్తారు. చీకట్లో, వాలిన నేల మీద, కొత్త చోట. మన సభ్యుల్లో ఒకావిడ రెండేళ్ల కిందట అలాంటి బండి మెట్టు దిగుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. బండి తలుపు ఉన్న పక్కన నేల పల్లంగా ఉంది. మెట్టుకీ నేలకీ ఉండాల్సిన జానెడు ఎత్తు మూరెడయింది. ఆ యాత్ర అక్కడితో ఆగిపోయింది. ఆవిడ తిరిగి వచ్చాక మూడు నెలలు గరిటె పట్టుకోలేకపోయారు. మంచి వైద్యం జరిగింది, సంతోషం. ఆ ఆస్పత్రి బిల్లు మాట మాత్రం ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

మూడోది వంట. దోసె పెనం వాలితే ఏమవుతుందో మన ఆడవాళ్లకి చెప్పనక్కర్లేదు. పిండి ఒక పక్కకి, నూనె ఇంకో పక్కకి. ఇంట్లో గ్రైండర్ ఆడితే కాలు కింద అట్టముక్క పెడతాం, బీరువా తలుపు దానంతట అదే తెరుచుకుంటే కింద చెక్క దూర్చుతాం. అలాంటిది నిప్పు ఉన్న పొయ్యి, మరిగే నూనె, ఇరుకు బండి, కాళ్లలో తిరిగే మనవడు ఉన్న చోట "పరవాలేదు" అనడం ఎలా?

నాలుగోది అన్నిటికంటే పెద్దది. మట్టం సరిగా చెయ్యని బండి కదలొచ్చు. ఇక్కడే అందరూ తెలుసుకోవాల్సిన ఒక సంగతి ఉంది. చాలా మోటార్‌హోమ్‌లలో పార్కింగ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. జాకీలు ఉన్న పెద్ద బండ్లలో, వెనక పక్క పల్లంగా ఉందని జాకీలతో వెనక చక్రాలని నేల నుంచి పైకి లేపేస్తే, ఇక బ్రేకు పట్టుకోవడానికి ఏమీ లేదు. అంత బరువు నాలుగు ఇనప కాళ్ల మీద నిలబడి ఉంటుంది. జారితే ఆపేవాడు లేడు. వెనక చక్రాలు ఎప్పుడూ నేల మీదో దిమ్మె మీదో ఆనే ఉండాలి. అంత వాలు ఉంటే ఆ స్థలం వద్దు, వేరేది అడగాలి. జాకీల మీద ఉన్న బండి కిందికి ఏ కారణానికీ ఎవరూ దూరకూడదు. బంతి దొర్లిందన్నా, చెప్పు పడిందన్నా సరే.

పని వరుస కష్టమైనది కాదు. బండి లోపలికి నడపకముందే ఇద్దరు దిగి స్థలం నడిచి చూడాలి. గుంట ఉందా, మెత్తటి మట్టి ఉందా, పైన కొమ్మలు ఉన్నాయా, కరెంటు, నీళ్ల కనెక్షన్ ఎటు ఉన్నాయి? ఉన్నంతలో చదునైన చోట బండి ఆపి, లోపల నేల మీద రసమట్టం పెట్టాలి. ముందు పక్కవాటు చూడాలి, తర్వాత ముందూవెనకా. ఏ పక్క పల్లమో ఆ పక్క చక్రాల ముందు దిమ్మెలు పేర్చి, బండిని మెల్లగా వాటి మీదికి ఎక్కించాలి. ఎంత ఎత్తు కావాలో లెక్క సులువు. మీటరు వెడల్పుకి ఒక డిగ్రీ అంటే ఒకటీ ముప్పావు సెంటీమీటర్లు. ఎడమ కుడి చక్రాల మధ్య రెండు మీటర్లు ఉంటే డిగ్రీకి మూడున్నర సెంటీమీటర్లు. వెనక జంట టైర్లు ఉంటే రెండిటి కిందా దిమ్మె ఉండాలి. ఒక్కదాని కిందే పెడితే బరువంతా ఆ ఒక్కదాని మీదే పడుతుంది. టైరు అంచు దిమ్మె దాటి వేలాడకూడదు. మట్టం రాగానే గేరు పార్కులో, బ్రేకు బిగించి, చక్రాలకి ఆపు కట్టెలు. జాకీలు ఉంటే వాటిని దించడం ఈ కట్టెల తర్వాతే, మెత్తటి నేల అయితే వాటి కింద పలకలు వేసి. పక్కలకి జరిగే గది ఉన్న బండి అయితే దాన్ని ఎప్పుడు తెరవాలో ఆ బండి పుస్తకం చూసి చెయ్యాలి. కరెంటు, నీళ్లు, పొయ్యి అన్నిటికంటే చివర.

ఇంకొకటి. బండి దిమ్మెలు ఎక్కేటప్పుడు డ్రైవర్‌కి చెయ్యి చూపేది ఒక్కరే ఉండాలి. మన ఇళ్లలో ఏం జరుగుతుంది? అల్లుడు స్టీరింగ్ దగ్గర, అమ్మాయి ఎడమ పక్క "రా రా రా", మనం కుడి పక్క "ఆపు ఆపు", వెనక నుంచి వియ్యంకుడు "ఇంకా చోటుంది". షంటింగ్‌లో సిగ్నల్ చూపే మనిషి కనబడకపోతే డ్రైవర్ వెంటనే బండి ఆపాలి. ఇంజన్‌కి పనికొచ్చే నియమం మోటార్‌హోమ్‌కీ పనికొస్తుంది. ఒకరే చెయ్యి చూపాలి, అద్దంలో కనబడే చోట నిలబడాలి, కనబడకపోతే బండి ఆగాలి.

ఇక అభ్యంతరాలు. "ఇప్పటి బండ్లకి బటన్ ఉంది, నొక్కితే అదే మట్టం అవుతుంది" అన్నారు ఒకరు. ఉంది, మంచిదే. కానీ ఆ యంత్రానికి బుడగ ఎక్కడ ఉండాలో తెలుసు గానీ, కింద నేల మెత్తనని, చక్రం లేచిపోయిందని తెలుసుకునే తెలివి అన్ని బండ్లలోనూ ఉండదు. బటన్ నొక్కినవారు ఒకసారి దిగి చుట్టూ తిరిగి చూడాలి. "కొత్త బండ్లలో కంప్రెసర్ ఫ్రిజ్‌లు వచ్చేశాయి" అన్నారు ఇంకొకరు. నిజమే, వాటికి ఇంత పట్టింపు లేదు. ఫ్రిజ్‌కి లేకపోయినా మెట్టుకి ఉంది, పొయ్యికి ఉంది, మన మోకాళ్లకి ఉంది.

అసలు అభ్యంతరం ఇవేవీ కావు. "పిల్లలు విసుక్కుంటారు" అన్నదే అసలు అభ్యంతరం. ఆరు గంటలు బండి నడిపి అలసిపోయిన అల్లుడి దగ్గర, "మామా, మీరు లోపలే కూర్చోండి, నేను చూసుకుంటాను" అన్నవాడి దగ్గర, మట్టం గురించి మాట్లాడ్డం మనకి మొహమాటం. అతిథులుగా వెళ్లినవాళ్లం కదా అనుకుంటాం. కానీ ఒకటి ఆలోచించండి. ఆ అరగంటని కుదించేది ఎక్కువసార్లు మన తొందరే. "ముందు ఒక గుక్క కాఫీ పడితే గానీ" అనేది మనం. "పిల్లకి ఆకలేస్తోంది, పొయ్యి వెలిగించు" అనేది మనం. మన మాట కాదనలేక వాళ్లు బండిని అలాగే వదిలేస్తారు. తర్వాత చీకటి పడుతుంది. చాలా క్యాంపుల్లో రాత్రి 10 తర్వాత చప్పుడు చెయ్యకూడదు, ఇంజన్ వెయ్యడానికీ కుదరదు. ఇక ఆ రాత్రి అంతే.

కాబట్టి పెద్దవాళ్లం చెయ్యాల్సింది సలహాలు ఇవ్వడం కంటే తొందర పెట్టకుండా ఉండడం. ఫ్లాస్కులో కాఫీ దారిలోనే నింపుకుందాం. మురుకుల డబ్బా చేతికందే చోట పెట్టుకుందాం. మడత కుర్చీలు రెండు ముందుగా దింపించుకుని, బండికి దూరంగా, చెయ్యి చూపేవారికి అడ్డం లేకుండా కూర్చుందాం. మనవళ్ల చేతులు పట్టుకోవడం మన డ్యూటీ. బండి కదులుతుండగా లోపల ఎవరూ నిలబడి ఉండకూడదు, చుట్టూ పిల్లలు తిరగకూడదు. ఆ ఒక్క పని మనం చేస్తే అల్లుడు సగం నిశ్చింతగా ఉంటాడు. పనంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడగొచ్చు: "కట్టెలు పెట్టారా నాయనా?" దీనికి ఏ పిల్లవాడూ విసుక్కోడు. పొద్దున బయల్దేరేటప్పుడూ ఇంకో ప్రశ్న: "కట్టెలు తీశారా?" పెట్టిన కట్టె మీద నుంచే బండి ఎక్కించేవాళ్లూ ఉంటారు.

ఇది అమెరికా వెళ్లేవారి సంగతే అనుకోకండి. కేరళలో 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించారు. వాగమన్ లాంటి కొండ చోట్లకి వంటిల్లూ పడకా ఉన్న బండ్లు వెళ్తున్నాయి. మన యువజన విభాగం వాళ్లు కూడా ఒకటి అద్దెకి తీసుకుందామని అంటున్నారు. తీసుకుందాం, తప్పకుండా వెళ్దాం. ఇక్కడ డ్రైవర్ బండితో పాటే వస్తాడు, అలసి ఉంటాడు, ఒక రాయి చక్రం కింద తన్ని పడుకుంటాడు. కొండ మీద రాయిని నమ్ముకుని ఇరవై మంది నిద్రపోవడం మనకి తగదు. అద్దె మాట్లాడేటప్పుడే దిమ్మెలూ కట్టెలూ ఉన్నాయా అని అడగాలి, లేకపోతే మనమే ఆశారి దగ్గర నాలుగు గట్టి చెక్క ఆపులు కోయించుకోవాలి. ఖర్చు ఒక పూట టిఫిన్ ఖర్చంత.

కార్యవర్గానికి మా విన్నపం రెండు మాటల్లో. ప్రయాణానికి ముందు మనం ఇచ్చే సూచనల కాగితంలో, ఊరగాయ సీసాల పక్కనే, ఈ మట్టం సంగతి కూడా నాలుగు పంక్తులు చేర్చండి. వచ్చే సమావేశానికి మన దగ్గరున్న రసమట్టం ఒకటి తెస్తాం. సంఘం హాలు బయట మనం వ్యాన్లు ఆపే చోటే దాన్ని పెట్టి చూద్దాం. చదునుగా ఉందని అందరం అనుకునే చోటు అది. బుడగ ఎటు పోతుందో మీరే చూడండి.